సరుకుకంటె ముందు వార్త రావలెను

దూరదేశములనుండి ఓడలపై సరుకు తెప్పించు వర్తకుల నడుమ ఒక మంచి ఆచారము గలదు. ఓడ రేవు చేరుటకు కొన్ని దినములు ముందుగా ఓడ కంపెనీవారుగాని వారి ఏజెంటుగాని సరుకుదారునకు ‘అరైవల్ నోటీసు’ అను రాక పత్రమును పంపుదురు. ఓడ పేరు, ‘బిల్ ఆఫ్ లేడింగ్’ అను ఓడ రశీదు సంఖ్య, పెట్టెల లెక్క, బరువు, ఓడ చేరునని తలచు తేది, చెల్లింపవలసిన ఛార్జీలు అందు వ్రాయబడును.

ఇది వట్టి మర్యాద యని తలపరాదు. రేవునందు ప్రతి దినమునకును వెల గలదు. 1962 సంవత్సరపు కస్టమ్స్ చట్టమునకు 2021లో జరిగిన సవరణ ననుసరించి, దిగుమతిదారుడు సాధారణముగా ఓడ చేరు దినమునకు ముందటి దినము ముగియులోపలనే తన పత్రము దాఖలు చేయవలెను. ఉచిత దినములు గడచినచో కంటైనరునకు దినబాడుగ పడును. దించిన 30 దినములలో విడిపింపని సరుకును, దిగుమతిదారునకు నోటీసు ఇచ్చిన మీదట, అమ్మివేయుటకును ఆ చట్టపు 48వ సెక్షను వీలు కల్పించుచున్నది. ముందుగా వార్త తెలియనివాడు దండుగ చెల్లింపవలసినదే.

ఇక మన సంగతి. మనము చల్లు యూరియాలో కొంత భాగము విదేశములనుండి విశాఖపట్టణము, కాకినాడ మొదలగు రేవులకు వచ్చి, రైలు ర్యాకులలో తెలంగాణమునకు చేరి, అచ్చటినుండి లారీలలో మన సంఘముల గోదాములకు వచ్చును. త్రోవ పొడవునను ఒకరి కొకరు వార్త నిచ్చుకొనక ఈ పని సాగదు. తుదకు చేరవలసిన రైతునకు మాత్ర మది తరచుగా చేరుట లేదు. 2025 ఆగస్టులో ఎందరో రైతులు తెల్లవారకమునుపే సంఘముల వాకిళ్లకు వచ్చి, చెప్పులను, పాసుపుస్తకములను వరుసలో నుంచి కాచుకొనిరి. ఎరువు కొరత ఒక కష్టము. అది ఎప్పుడు వచ్చునో, ఎన్ని బస్తాలు వచ్చునో తెలియకపోవుట మరియొక కష్టము. మొదటిది తీర్చుట మన సంఘముల చేతిలో లేదు. రెండవది తీర్చుట వాని చేతిలోనే యున్నది.

వరికి పిలక దశలోను, చిరుపొట్ట దశలోను యూరియా అందవలెను. ఆ దినములు దాటిన పిదప దొరకిన బస్తావలన పైరునకు తగిన మేలు కలుగదు. వరుసలో పోయిన కూలిదినము తిరిగి రాదు.

కావున నా సూచన యిది. లారీ బయలుదేరినట్లు తెలిసిన దినముననే ప్రతి సంఘమును తన వాకిట తెలుగున పలక వ్రాసి పెట్టవలెను. సభ్యుల ఫోనులకును కబురు పంపవలెను. అందు లారీ చేరు తేది, 45 కిలోల బస్తాలెన్ని, బస్తా ధర 266 రూపాయల 50 పైసలని, ఏ గ్రామమువారు ఏ దినమున రావలెనో స్పష్టముగా నుండవలెను.

ముందుగా చెప్పినచో జనము విరుచుకుపడుదురని కొందరు కార్యదర్శులు భయపడుదురు. జనమును పరుగెత్తించునది వదంతి. తన వంతు గురువారమని నమ్మకముగా తెలిసిన రైతు సోమవారము వచ్చి ఏల నిలుచును? తేది తప్పిన యెడల పలకను దిద్దవచ్చును. రాక పత్రములోని తేదియు అంచనాయే గదా.

అమ్మకములోను ఇదే న్యాయము. మూసారాంబాగ్ చెంతనున్న మలక్‌పేట గంజికి మహారాష్ట్రమునుండి ఉల్లి లారీలు వచ్చును. ఎన్ని లారీలు దారిలో నున్నవో ఎరిగిన వ్యాపారి ధర పోకడను ముందే గ్రహించును. ఎరుగని మన రైతు సరుకు దించిన తరువాత గ్రహించును.

అయితే సభ్యులకును బాధ్యత గలదు. నోటీసు అందకపోయినను తాము పూచీదారులము కామని ఓడ కంపెనీలు తమ రశీదులలోనే సాధారణముగా వ్రాసికొందురు. అందుచేత జాగరూకుడైన వర్తకుడు నోటీసుకై కూర్చుండక తానే విచారించును. మనమును అట్లే అడుగవలెను. రాబోవు సర్వసభ్య సమావేశమున ప్రతి సంఘమునందును ఈ పలకను గూర్చి తీర్మానము ప్రతిపాదింపుడు. దీనికి కావలసినది ఒక పలక, ఒక సుద్దముక్క, దినమున కొక ఫోను మాత్రమే.