పాటల పెట్టె, పలకని బండి

కిందటేడు జూన్‌లో మూడు వారాలు కాకినాడ వెళ్ళి వచ్చాను. అర్ధరాత్రి దాటాక ముహర్రక్‌లో విమానం దిగి, టాక్సీలో జుఫైర్‌లోని ఇంటికి చేరి పడుకున్నాను. ఇక్కడ వారం మొదలయ్యేది ఆదివారం కదా, పొద్దున్నే టై సర్దుకుంటూ పార్కింగ్‌లోకి దిగి తాళం నొక్కితే బండి పలకలేదు. దగ్గరికెళ్ళి నొక్కాను, పలకలేదు. తాళంలో దాచి ఉండే ఇనప చెవితో తలుపు తీసి కూర్చుంటే లోపల ఒక్క దీపం వెలిగితే ఒట్టు. ఊరెళ్ళే ముందు చూసినప్పుడు బ్యాటరీ 78 శాతం ఉంది. మూడొందల కిలోమీటర్లు పరిగెత్తగల శక్తి కడుపులో పెట్టుకుని, నా బండి శవంలా పడి ఉంది.

ఇంతకీ హంతకుడెవరంటే, పాటలు వినడానికి ముచ్చటపడి నేను పెట్టించిన ఆంప్లిఫయరు.

కథ మొదట్నించీ చెబుతాను. నాది రెండు సీట్ల కరెంటు స్పోర్ట్స్ కారు. కొత్తది కొనే తాహతూ ధైర్యమూ లేక, యూరప్ తిరిగి వెళ్ళిపోతున్న ఒక సహోద్యోగి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. కంపెనీ పేరు రాయను, అది మన విషయం కాదు. పిల్లలు లేని రోజుల్లో కొనాల్సిన బండి ముప్పై ఎనిమిదేళ్ళకి కొన్నావని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. కొన్న నెల్లోనే నాకు మూడు జబ్బులు పట్టుకున్నాయి. ఆడియో మార్చాలి, నేవిగేషన్ మార్చాలి, ఇంకా ఏవేవో తగిలించాలి. బండి కొన్న ప్రతివాడికీ ఈ జబ్బులొస్తాయి. సైకిల్ కొన్నప్పుడు హ్యాండిల్‌కి రంగు కుచ్చులు కట్టుకోలేదూ, అదే ఇది.

ఆంప్లిఫయరు, డిక్కీలో ఒక సబ్ వూఫరు, కూలీ అన్నీ కలిపి 310 దీనార్లు అయింది. మన రూపాయల్లో డెబ్భై వేల పైమాటే. బిగించిన కొట్టువాడు ఆంప్లిఫయర్‌ని మేలుకొలిపే సన్న వైరుని, బండి ఆపినా కరెంటు పోని లైనుకి కలిపేశాడు. అంటే అది నిద్రపోదు. పాట లేకపోయినా దాదాపు ఒక ఆంపియరు తాగుతూ కూర్చుంటుంది.

చాలామందికి తెలియని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. కరెంటు బండిలో బ్యాటరీలు రెండుంటాయి. చక్రాలు తిప్పేది నాలుగొందల వోల్టుల పెద్దది. దీపాలు, తలుపులు, తెర, కంప్యూటర్లు నడిపేది మామూలు 12 వోల్టుల చిన్నది. పెద్దదాన్ని బండికి కలిపే స్విచ్చులు మూసుకోవాలంటే చిన్నదాని కరెంటు కావాలి. చిన్నది చస్తే పెద్దది ఉండీ లేనట్టే. గాదె నిండా ధాన్యం, తాళంచెవి నూతిలో. నా చిన్న బ్యాటరీ 45 ఆంపియర్ అవర్లది. రోజుకి 24 చొప్పున తాగితే రెండ్రోజుల్లో ఖాళీ. ఆగి ఉన్నప్పుడు పెద్దది చిన్నదానికి అప్పుడప్పుడు కాస్త పోసే ఏర్పాటు నా బండిలో ఉంది గానీ, దానికీ ఒక హద్దుంది. మూడు వారాలు ఎవడు పోస్తాడు?

షోరూముకి ఫోన్ చేస్తే, బయట వైరింగు చేయించారు కాబట్టి వారంటీ మాట ఎత్తవద్దన్నారు. బిగించిన కొట్టువాడేమో బండిదే లోపమన్నాడు. ఆఖరికి ఆదుకున్నది సల్మాబాద్ గ్యారేజీల్లో పనిచేసే ఒక జగిత్యాల కుర్రాడు. చిన్న బ్యాటరీకి బయటినుంచి కరెంటిచ్చి బండిని లేపాడు, పది నిమిషాల్లో వైరు తప్పు పట్టేశాడు. ఆ తర్వాత అతనన్న మాట నా ఎమ్మెస్ చదువులో ఏ ప్రొఫెసరూ అంత సూటిగా చెప్పలేదు.

"అన్నా, గీ బండ్లల్ల వైరు కొయ్యద్దే. కోస్తే రేపు నువ్వు అమ్మేటప్పుడు ఎట్ల? పాత స్పీకర్లు పారెయ్యకు, డబ్బల వెట్టి మంచం కింద దాచుకో."

దాచుకున్నాను. ఆ సంగతి చివర్లో.

అసలు స్పోర్ట్స్ కారులో పాటల పెట్టె మార్చడమన్నది ఒకప్పుడు ఇంత పెద్ద ఘనకార్యం కాదు. 2008లో టెస్లా మొదటి బండి రోడ్‌స్టర్ వచ్చింది. లోటస్ ఎలీస్ ఆధారంగా కట్టిన రెండు సీట్ల బండి, లాప్‌టాపుల్లో వాడేలాంటి 6,831 చిన్న సెల్స్ పేర్చిన 53 కిలోవాట్ అవర్ల బ్యాటరీ. 2012 వరకూ మొత్తం 2,450 దాకా చేశారు. అంత కొత్త బండిలోనూ డాష్‌బోర్డులో ఉన్నది బజారులో దొరికే మామూలు స్టీరియో డెక్కే. ఆ డెక్కు పట్టే కంతకి ఒక ప్రమాణం ఉంది, డిన్ అంటారు. వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50. జర్మన్లు పెట్టిన ఆ కొలత పుణ్యాన ప్రపంచంలో ఏ కంపెనీ డెక్కైనా ఏ కంపెనీ బండిలోనైనా పట్టేది. మా నాన్న స్నేహితుడి అంబాసిడర్‌లో కాకినాడ మెయిన్ రోడ్డు కొట్టువాడు క్యాసెట్ ప్లేయర్ బిగించినా అంతే, కాలిఫోర్నియాలో రోడ్‌స్టర్ వాడు నేవిగేషన్ డెక్కు మార్చుకున్నా అంతే. నాలుగు స్క్రూలు, ఒక వైర్ల గుత్తి.

ఇప్పుడు ఆ కంత ఏది? తెర ఒక్కటే. దాంట్లోనే ఏసీ, దాంట్లోనే ఛార్జింగ్ టైము, దాంట్లోనే వెనక కెమెరా. పాట మార్చాలని తెర పీకితే ఏసీ పోతుంది. ఆగస్టులో మనామాలో ఏసీ పోతే పాట వినడానికి మనిషి ఉండడు :)

మా వృత్తిలో దీనికో పేరుంది, టైట్ కప్లింగ్ అని. ఒకదాన్ని ముట్టుకుంటే ఇంకోటి విరిగే కట్టడం. అలా రాసిన ప్రోగ్రాముని మేం తిడతాం, తిరిగి రాస్తాం, దానికి బిల్లు కూడా వేస్తాం. అదే పని కారు కంపెనీ చేస్తే మాత్రం డబ్బులిచ్చి కొనుక్కుని మురిసిపోతాం.

దీని ఫలితం కూడా చూశాం. టెస్లా పాత మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ బండ్ల తెర వెనక 8 గిగాబైట్ల మెమరీ చిప్ ఒకటుండేది. బండి తన రోజువారీ పద్దులు దాంట్లో రాస్తూ పోయేది. ఆ రకం చిప్ మీద ఇన్నిసార్లే రాయగలం అని లెక్కుంటుంది. అది అయిపోయాక తెర నల్లబడింది, దాంతో పాటే వెనక కెమెరా, అద్దాల మంచు తుడిచే మీటలు. 2021లో అమెరికాలో లక్షా ముప్పై నాలుగు వేల పైగా బండ్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. లక్ష డాలర్ల బండి ప్రాణం కొద్ది డాలర్ల చిప్‌లో ఉందన్నమాట. 2022లో అమెరికాలో 3జీ నెట్‌వర్కులు ఆపేస్తే ఎన్నో బండ్లలో కంపెనీ అమర్చిన ఫోన్ కనెక్షన్ పనికిరాకుండా పోయింది. ఫిస్కర్ అనే కంపెనీ 2024లో దివాలా తీస్తే, కొన్నవాళ్ళే సంఘం పెట్టుకుని సాఫ్ట్‌వేర్ గతేమిటని వెతుక్కున్నారు. బీఎమ్‌డబ్ల్యూ అయితే 2022లో కొన్ని దేశాల్లో, బండిలో ఉన్న సీటు వెచ్చబెట్టడానికి నెలనెలా చందా కట్టమంది. జనం తిట్టిపోస్తే 2023లో మానుకుంది.

అలాగని కలిపి కట్టడమంతా మోసమే అననండి. 2018లో మోడల్ 3 బ్రేకులు సరిగ్గా పట్టడం లేదని కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక తేలిస్తే, టెస్లా గాల్లోంచే సాఫ్ట్‌వేర్ పంపి బండి ఆగే దూరాన్ని దాదాపు ఆరు మీటర్లు తగ్గించింది. గ్యారేజీకి వెళ్ళే పని లేకుండా. అది నిజంగా గొప్ప సంగతి, దానికి దండం పెట్టాల్సిందే. నా గొడవల్లా ఒకటే. బ్రేకుల్ని కంప్యూటర్‌కి కలపండి, కాదనను. స్పీకర్‌ని ఎందుకు కలపాలి?

సరే, కంపెనీలు నా మాట వినవు. మనం చేయగలిగిందేమిటో చూద్దాం. దెబ్బతిన్నవాణ్ణి కాబట్టి చెప్పే హక్కుంది.

ఆడియో విషయంలో నాకు పట్టిన మొదటి భ్రమ, ఇంజిను శబ్దం లేదు కాబట్టి పాట అద్భుతంగా వినపడుతుందని. జుఫైర్ సందుల్లో నిజమే. హైవే ఎక్కాక ఇంజిను ఇన్నాళ్ళూ కప్పిపెట్టిన టైర్ల రొద, గాలి హోరు బయటపడతాయి. దాని మీద గెలవడానికి సౌండు పెంచితే చెవులకి చేటు. ముందు తలుపుల లోపల శబ్దం అణిచే రబ్బరు పట్టీలు వేయించండి. తర్వాత అదే సైజు మంచి స్పీకర్లు, వైరు కోయకుండా పాత గుత్తికే తగిలేవి. చాలామందికి అక్కడితో తృప్తి కలుగుతుంది. ఆంప్లిఫయరు ఆఖరి మాట. అదీ బండి నిద్రపోతే తనూ నిద్రపోయే లైను మీద, దారిలో ఫ్యూజు వేసి. నారింజ రంగు వైర్లు కనపడితే మాత్రం చెయ్యి వెనక్కి తీసుకోండి. అవి పెద్ద బ్యాటరీవి, పాట కోసం ప్రాణం తీస్తాయి.

పాటలు వింటే రేంజి తగ్గుతుందని భయపడేవాళ్ళకో లెక్క. వంద కిలోమీటర్ల వేగంలో బండి దాదాపు 17 కిలోవాట్లు తింటుంది. బాగా సౌండు పెట్టినా పాటకయ్యేది సగటున వంద వాట్లు దాటదు, అంటే నూటికి అర శాతం చుట్టుపక్కల. ఎండలో నిలబెట్టిన బండిని చల్లబరచడానికి ఏసీ మొదటి నిమిషాల్లో రెండు మూడు కిలోవాట్లు లాగుతుంది. కాబట్టి ఈ ఎడారిలో ఎక్కువ పనికొచ్చే వస్తువు అద్దానికి అడ్డం పెట్టే ఎండతెర. ఖరీదు మూడు దీనార్లు. వేడి ఆపే ఫిల్మ్ కూడా మంచిదే, కాకపోతే ట్రాఫిక్ వాళ్ళ నిబంధన కనుక్కుని వేయించండి.

నేవిగేషన్ సంగతి ఇంకా తమాషా. బహ్రెయిన్‌లో అడ్రసంటే బిల్డింగ్ నంబరు, రోడ్డు నంబరు, బ్లాక్ నంబరు. పోస్టాఫీసు పక్క సందు, రావిచెట్టు ఎదురుగా అనే మనవాళ్ళకి ఇది ఇస్రో ప్రయోగంలా ఉంటుంది గానీ అలవాటైతే హాయి. చిక్కల్లా ఏమిటంటే ఈ దేశం సముద్రాన్ని పూడ్చుకుంటూ పెరుగుతోంది. అమ్వాజ్, దియార్ అల్ ముహర్రక్, బహ్రెయిన్ బే, ఇవన్నీ ఒకప్పుడు నీళ్ళే. నా బండిలోని పాత మ్యాపు దియార్‌లో నన్ను నడిసముద్రంలో చూపించింది. కొత్త మ్యాపుకి డబ్బడిగారు. ఎందుకు? ఫోన్ ఉందిగా. అది తెలుగులో కూడా దారి చెబుతుంది.

అయితే ఒక్కచోట మాత్రం బండిలోని నేవిగేషనే మేలు. 1986లో తెరిచిన కింగ్ ఫహద్ కాజ్‌వే ఇరవై ఐదు కిలోమీటర్లు దాటి సౌదీ లోపలికి పోతే ఊళ్ళ మధ్య దూరాలు ఎక్కువ. అక్కడ దారి తెలిస్తే చాలదు, చేరేసరికి బ్యాటరీ ఎంత మిగులుతుందో తెలియాలి. ఆ లెక్క బండికి తెలిసినట్టు ఫోనుకి తెలియదు. కనుక తెర మార్చకండి, పక్కన ఫోను పెట్టుకోండి. రెండిట్నీ వాడుకోండి.

తక్కినవి ఒక్క ముక్కలో. పెద్ద చక్రాలు చూడ్డానికే, రేంజి తింటాయి. నెమ్మదిగా వెళ్ళేటప్పుడు నడిచేవాళ్ళకి వినపడాలని బండి చేసే కృత్రిమ శబ్దాన్ని పీకించేవాళ్ళున్నారు. యూరప్ 2019 నుంచి కొత్త మోడళ్ళకి దాన్ని తప్పనిసరి చేసింది గుడ్డివాళ్ళ కోసం, పిల్లల కోసం. దాన్ని ముట్టుకోవడం పాపం. ఇంక అసలైన అప్‌గ్రేడ్ బండిలో ఉండదు, గోడకి ఉంటుంది. మామూలు మూడు పిన్నుల ప్లగ్గులోంచి 10 ఆంపియర్లు తీసుకుంటే గంటకి 2.3 కిలోవాట్ అవర్లు, 50 కిలోవాట్ అవర్ల బ్యాటరీకి ఒక రోజు దాదాపు. 32 ఆంపియర్ల పెట్టె పెడితే ఏడు గంటలు, రాత్రి పడుకుని లేచేసరికి అయిపోతుంది. నా 310 దీనార్లు పట్టుకుని ఇంటి ఓనరుని బతిమాలుకుని ఉంటే ఎంత బాగుండేదో.

ఇక మంచం కింద డబ్బా సంగతి. ఈ రంజాన్ ముందు నా ప్రాజెక్టు అయిపోయింది. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి చెప్పనక్కర్లేదు, ఇక్కడ మన నివాసం ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. ఆ ముడి ఊడిందంటే ఇల్లు, బడి, బండి అన్నీ ఒకేసారి ఊడతాయి. ఇంటికి తిరిగొచ్చి మా ఆవిడ చేత్తో ఒక కాగితం మీద ఏమేం అమ్మాలో రాయించాను. బండి చూడ్డానికొచ్చిన మొదటి మనిషి చుట్టూ తిరిగి, డిక్కీ తీసి, నా సబ్ వూఫర్‌ని వేలితో తట్టి, "కంపెనీ వైరింగ్ కదిలించారా?" అని అడిగాడు. అందరూ అదే అడిగారు. నేను ముచ్చటపడి పెట్టినదానికి ఎవడూ పైసా ఇవ్వనన్నాడు, పైగా తగ్గించమన్నాడు. జగిత్యాల తమ్ముడు వచ్చి పాత స్పీకర్లు మళ్ళీ బిగించి, ఆంప్లిఫయరు పీకి నా చేతిలో పెట్టాడు. కూలీ ఇవ్వబోతే "గీసారికి వద్దన్నా, నౌకరి దొరికినంక ఇయ్యి" అన్నాడు.

నౌకరీ దొరికింది, అతని కూలీ ఇచ్చేశాను. బండి అమ్మలేదు. ఆంప్లిఫయరు మాత్రం మళ్ళీ పెట్టించలేదు.

వలసొచ్చినవాడి వస్తువుకి నేను పెట్టుకున్న నియమం ఇప్పుడు ఒక్కటే. విప్పి సూట్‌కేసులో పెట్టుకుని పోగలిగిందైతే కొను, విప్పలేనిదైతే వదిలెయ్.

మొన్న మా నాన్న విజిట్ వీసా మీద వచ్చారు. బుదయ్యా వైపు తీసుకెళ్ళి సముద్రం పక్కన బండి ఆపి, పాత స్పీకర్లలోనే ఘంటసాల పాటలు పెట్టాను. కళ్ళు మూసుకుని రెండు పాటలు విన్నారు. "ఒరేయ్, ఇంజిను ఆపేశావా?" అన్నారు. ఇది కరెంటు బండి నాన్నా, ఆపేదేముంది అన్నాను. "మరింకేం, బాగానే వినపడుతోందిగా. మారుస్తానని ఫోన్లో గోల పెట్టావు, ఇదేనా మార్చింది?" అన్నారు.

అవును నాన్నా అన్నాను. 310 దీనార్ల సంగతి చెప్పలేదు. మీరూ చెప్పకండి.