పది డిగ్రీలకు రెట్టింపు

మా మెట్ట వైపు ఎండాకాలంలో పెరుగు కోసం ఎక్కువసేపు ఎదురుచూడక్కర్లేదు. పొద్దున టిఫిన్లప్పుడు తోడేస్తే మధ్యాహ్నం అన్నంలోకి గడ్డ పెరుగు రెడీ. సాయంత్రం దాకా అట్టానే వదిలేస్తే నోట్లో పెట్టలేం, అంత పులుపు. అదే డిసెంబరులో గిన్నెకి గుడ్డ చుట్టి, పొయ్యి పక్కన పెట్టి పడుకున్నా, తెల్లారి చూస్తే ఇంకా జావలాగే ఉంటుంది. పాలు అవే, తోడు అదే, గిన్నె అదే. మారింది వేడి ఒక్కటే.

ఉదయగిరి, ఆత్మకూరు, ఆ చుట్టుపక్కల మండలాల్లో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం వార్తేం కాదు. ఎండకి మనుషులు ఏమవుతారో పేపర్లలో రోజూ వస్తుంది. ఇంట్లో అలమరలో, వంటగది గూట్లో ఉన్న వస్తువులకి ఏమవుతుందో ఎవరూ రాయరు. ఈ వారం దాని గురించే.

రసాయన చర్య వేగాన్ని ప్రభావితం చేసే అంశాలు అని ఇంటర్‌లో మనందరం బట్టీ పట్టాం. ఉష్ణోగ్రత, గాఢత, ఉపరితల వైశాల్యం, ఉత్ప్రేరకం. పరీక్ష అయిపోయింది, మర్చిపోయాం. నన్నడిగితే ఆ నాలుగింటినీ ఒకే వరుసలో రాయడమే తప్పు. మన ఊళ్ళలో ఉండేవాళ్ళకి మొదటిది తెలిస్తే మిగిలిన మూడూ నెమ్మదిగా తెలుసుకోవచ్చు.

పాల సంగతి చూడండి. పాలు విరగడం వెనక ఉన్నది బ్యాక్టీరియా. దానికి నచ్చిన వెచ్చదనం దొరికితే అరగంటకోసారి రెట్టింపు అవుతుందనుకుందాం. ఐదు గంటల్లో పది రెట్టింపులు, అంటే 1,024 రెట్లు. (ఈ అంకె చూస్తే సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఆఫీసు గుర్తొస్తుంది, క్షమించండి.) అందుకే పిండిన పాలని వీలైనంత త్వరగా 4 డిగ్రీలకి దించాలంటారు. పల్లె నుంచి శీతలీకరణ కేంద్రానికి వెళ్ళే పాల వ్యాను గంట ఆలస్యమైతే డిసెంబరులో పర్లేదు, మే నెలలో క్యాన్లు వెనక్కి వస్తాయి. కొందరు పాలు విరక్కుండా సోడా కలుపుతారు. అది పుట్టిన ఆమ్లాన్ని చంపుతుందే గానీ, ఆమ్లం పుట్టే వేగాన్ని ఏమీ చెయ్యదు. లోపల పని జరిగిపోతూనే ఉంటుంది, మన నాలుకకి తెలియదు, అంతే.

వేడికీ వేగానికీ ఉన్న ఈ లెక్కని కాగితం మీద పెట్టినాయన స్వీడన్ దేశస్థుడు స్వాంటే అర్హీనియస్, 1889లో. ఆయన ముందు పెట్టుకున్న చర్య మరీ గొప్పదేం కాదు, చక్కెర నీళ్ళలో ఆమ్లం కలిపితే చక్కెర రెండు ముక్కలుగా విడిపోవడం. వేడి కాస్త పెరిగితే ఆ విడిపోయే వేగం చాలా ఎక్కువ పెరుగుతోంది. ఎందుకు? ఇక్కడే నాకు మా ఉదయగిరి దుర్గం గుర్తొస్తుంది.

అణువులు ఒకదానికొకటి గుద్దుకున్నంత మాత్రాన చర్య జరగదు. మధ్యలో ఒక కొండ ఉంటుంది. ఆ కొండెక్కి అవతల దిగగల శక్తి ఉన్న అణువులే మారతాయి, మిగిలినవి గుద్దుకుని వెనక్కి వచ్చేస్తాయి. ఉష్ణోగ్రత 27 డిగ్రీల నుంచి 37కి పెరిగితే అణువుల సగటు శక్తి పెరిగేది 3 శాతమే. కానీ కొండ దాటగలిగే గట్టివాళ్ళ సంఖ్య చాలా చర్యల్లో దాదాపు రెట్టింపు అవుతుంది. పది డిగ్రీలకి వేగం రెట్టింపు అనే మోటు లెక్క ఇందులోంచి వచ్చిందే. అన్ని చర్యలకీ సరిగ్గా రెండే అని కాదు. కొన్నిటికి ఒకటిన్నర, కొన్నిటికి మూడు, నాలుగు కూడా. కొండ ఎంత ఎత్తుంటే వేడికి అంత ఎక్కువ స్పందిస్తుంది.

దుర్గం అన్నాను కాబట్టి ఉత్ప్రేరకం కూడా ఇక్కడే అయిపోతుంది. గజపతుల చేతిలో ఉన్న ఉదయగిరి కోటని శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించాడు. ఏడాదిన్నర పట్టింది. కోటకి ఉన్నది ఒక్కటే దారి, అదీ మనుషులు ఒకరి వెనక ఒకరు నడవాల్సినంత ఇరుకు అనీ, రాయలు బండలు పగలగొట్టించి కొండల్లో కొత్త దారులు వేయించాడనీ పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. సైనికుల బలం పెంచలేదు, కొండ ఎత్తు తగ్గించలేదు, ఎక్కడానికి సులువైన ఇంకో దారి చూపించాడు. ఉత్ప్రేరకం చేసేదీ సరిగ్గా ఇదే. కాకపోతే రాయలకి పట్టినట్టు దానికి ఏడాదిన్నర పట్టదు.

దీనికి పొలంలో ఉదాహరణ యూరియా. మట్టిలో యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, యూరియాని విడగొట్టి అమ్మోనియా చేసే ఉత్ప్రేరకం. సోమశిల నీళ్ళొచ్చే పొలమైనా, బోరు కింద పొలమైనా, తడి నేల మీద మిట్ట మధ్యాహ్నం యూరియా చల్లి వదిలేస్తే ఉత్ప్రేరకానికి ఎండ కూడా తోడవుతుంది. బస్తాలో కొంత భాగం అమ్మోనియాగా గాల్లోకి పోతుంది. డబ్బులిచ్చి కొన్న నత్రజని అది. చల్లపొద్దులో వేసి మట్టిలో కలపమని పెద్దవాళ్ళు చెప్పేది ఊరికే కాదు. ఉత్ప్రేరకానికి ఎదురు పని చేసేవీ ఉన్నాయి. 2015లో దేశంలో తయారయ్యే యూరియా మొత్తానికీ తప్పనిసరి చేసిన వేపనూనె పూత అట్టాంటిదే. నత్రజని నైట్రేటుగా మారే తర్వాతి మెట్టుని అది నెమ్మదింపజేస్తుంది.

ఉపరితల వైశాల్యం గురించి ఒక్క మాట చాలు. ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు చేసేవాళ్ళ దగ్గర కింద రాలిన చెక్క పొట్టు చూసుంటారు. ఒక్క అగ్గిపుల్లకి భగ్గుమంటుంది. అదే చెక్క దుంగగా ఉంటే ఎంత కిరసనాయిలు పోసినా విసిగిస్తుంది. గాలికి తగిలే భాగం ఎంత ఉంటే అంత వేగం. గాఢత కూడా దాదాపు ఇట్టాంటి సంగతే, గుద్దుకునేవాళ్ళు ఎక్కువైతే గుద్దుకోవడాలూ ఎక్కువవుతాయి.

ఇక అసలు విషయం, మందులు. మాత్ర పాడవడం కూడా రసాయన చర్యే. ఆస్పిరిన్‌కి తేమ తగిలితే నెమ్మదిగా విడిపోయి ఎసిటిక్ ఆమ్లం పుడుతుంది. పాత సీసా మూత తీస్తే వెనిగర్ వాసన వచ్చేది అందుకే. డబ్బా మీద 30 డిగ్రీల లోపు ఉంచండి అని రాసి, ఒక ఎక్స్‌పైరీ తేదీ వేస్తారు. ఆ తేదీ ఆ 30 డిగ్రీల షరతు మీద ఆధారపడిందే. రేకుల షెడ్డులో, ఎండలో నిలబెట్టిన కారులో 50 డిగ్రీలుంటే మన మోటు లెక్క ప్రకారం నాలుగు రెట్లు వేగం. తేదీ మాత్రం డబ్బా మీద అట్టానే ఉంటుంది, మనం దాన్నే నమ్ముతాం.

అన్నిటికన్నా సున్నితమైంది ఇన్సులిన్. అది ప్రోటీన్, వేడికి దాని ఆకారమే చెదిరిపోతుంది. ఆత్మకూరు దగ్గర పల్లెలో ఉండే మా పెద్దమ్మకి పదేళ్ళుగా రోజూ రెండు పూటలా సూది. పోయిన మే నెలలో ఫోన్ చేసి, "ఒరే, రాత్రంతా కరెంటు లేదు, ఫ్రిజ్జులో మందు చెడిపోయుంటది, పారేశాను" అంది. కొత్త సీసా కోసం ఎవరో ఒకరు టౌనుకి వెళ్ళాలి. రెండు రోజులు సూది వేసుకోలేదు. షుగరు ఎక్కడికో పోయింది. చెడిన మందు వాడితే ఎంత ప్రమాదమో, చెడని మందు పారేసి సూది మానేస్తే అంతే ప్రమాదం. ఈ రెండోదాని గురించి ఎవరూ చెప్పరు.

నిజానికి తెరవని సీసాని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడుతున్న సీసాని మాత్రం బయటే, 25 లేదా 30 డిగ్రీలు దాటకుండా, సుమారు నాలుగు వారాలు వాడుకోవచ్చని చాలా కంపెనీల కాగితాల్లోనే ఉంటుంది. మరి 30 దాటితే? కెన్యాలోని దదాబ్ శరణార్థి శిబిరంలో ఇదే సమస్య. అక్కడి ఇళ్ళలో వేడి రోజూ 25 నుంచి 37 డిగ్రీల మధ్య ఊగుతుంది. డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్, జెనీవా విశ్వవిద్యాలయం కలిసి ప్రయోగశాలలో అదే ఊగిసలాటలో నాలుగు వారాలు ఇన్సులిన్ ఉంచి పరీక్షించాయి. ఫలితం 2021లో వచ్చింది. ఫ్రిజ్జులో ఉంచిన దానికీ దీనికీ శక్తిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే ఒక రాత్రి కరెంటు పోయినందుకు మందు పారేయక్కర్లేదు. మన 43 డిగ్రీలకి మాత్రం ఆ హామీ లేదు. అక్కడ పనికొచ్చేది మట్టికుండ.

కుండ ఎంత చల్లబరుస్తుందనేది గాలిలో తేమని బట్టి ఉంటుంది. బయట 42 డిగ్రీలుండి తేమ 25 శాతమే ఉంటే, తడి కుండ సిద్ధాంతం ప్రకారం 26 డిగ్రీల దగ్గరికి దిగగలదు. అదే సముద్రం ఒడ్డున 36 డిగ్రీలు, 70 శాతం తేమ ఉంటే 31 దగ్గరే ఆగిపోతుంది. వేడి తక్కువైనా, చల్లబడేది తక్కువే. మెట్ట ప్రాంతపు పొడిగాలిని తిట్టుకుంటాం గానీ, కుండకి కావాల్సింది ఆ గాలే. లెక్క ఇది, ఇంట్లో ఇంకో రెండు మూడు డిగ్రీలు ఎక్కువే వేసుకోండి.

పెద్దమ్మ ఇంట్లో ఇప్పుడు పెద్ద కుండలో చిన్న కుండ, మధ్యలో తడి ఇసుక. సీసా నీళ్ళలో మునగకూడదు కాబట్టి మూత గట్టిగా ఉన్న చిన్న డబ్బాలో పెట్టి లోపలి కుండలో ఉంచుతుంది. పైన తడిగుడ్డ. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇసుక తడుపుతుంది. కుండ వరండాలో నీడన, గాలి తగిలేచోట ఉండాలి. మూసిన గదిలో పెడితే తేమ నిండిపోయి చల్లబడదు. వందల్లో దొరికే ఒక థర్మామీటరు కూడా లోపల పడేశాం. అంకె 30 దాటి చాలాసేపు ఉన్నా, సీసాలో మందు రంగు మారినా, తేటగా ఉండాల్సింది మసకబారినా, కలిపాక కూడా గడ్డలు కనపడినా, ఫార్మసీలో చూపించకుండా వాడొద్దని చెప్పాను. అన్నట్టు, ఫ్రిజ్జు ఉన్నవాళ్ళు సీసాని ఫ్రీజర్‌కి ఆనించి పెట్టకండి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్ళీ కరిగి మామూలుగా కనపడినా వాడకూడదు.