గాడ్ గిఫ్ట్ అనేసి చేతులు దులుపుకుందామా?

మొన్న యారాడ బీచ్‌లో టీమ్ అవుటింగు. మాండలిన్ శ్రీనివాస్ పేరెత్తగానే ఒకాయన "గాడ్ గిఫ్ట్ అండీ" అనేశాడు. చర్చ సమాప్తం! నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

మామూలు మాండలిన్‌కి నాలుగు జతల తీగలు. మీటగానే టింగుమని ఆరిపోతుంది. కర్ణాటక సంగీతానికేమో సాగే స్వరం, గమకం కావాలి. మరి ఈ పాలకొల్లు కుర్రాడు వాయించింది? ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్. జతలు పోయాయి, నాదం నిలబడింది, దానిమీద వేలు జారితే గమకం పలికింది. మన భాషలో దీన్ని రీడిజైన్ అంటారు, వరం అనరు.

1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో వాయించేసరికి ఆయనకి 14 ఏళ్ళు. తర్వాత రిమెంబర్ శక్తిలో జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్‌కి దీటుగా వాయించారు. (ఆ బృందంలో బేస్ గిటారే లేదు, గమనించారా? ఆ బరువు చాలావరకు జాకిర్ హుస్సేన్ తబలాయే మోసింది.) జాజ్ కోసం రాగాన్ని పలచన చెయ్యలేదు.

మన యాన్యువల్ డేల్లో మాత్రం కీబోర్డు మీద ఓ కీర్తన, కింద డ్రమ్ లూప్... అదే ఫ్యూజన్ట! గమకం లేకుండా రాగమేంటండీ బాబూ?

శ్రీనివాస్ గారు 2014లో, 45 ఏళ్ళకే పోయారు. వీడియోలున్నాయి. ముందు ఆ ఎడమచెయ్యి చూడండి, గిఫ్టు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.