శుశ్రూషయు కృత్రిమ మేధయు



2025 సెప్టెంబరు మాసమున తిరుమలలో కృత్రిమ మేధతో పనిచేయు నియంత్రణ కేంద్రమొకటి ప్రారంభమైనది. క్యూలలో ఎందరు వేచియున్నారో, ఎచట రద్దీ పెరుగుచున్నదో కెమెరాల మూలమున లెక్కించి అది అధికారులకు తెలుపును. జనమును లెక్కించుట మంచిదే. కాని అలిపిరినుండి 3,550 మెట్లెక్కి వచ్చిన యొక ముదుసలి గుండె పట్టుకొని కూలబడినచో, ఆయమ్మ ఇక లెక్కలో నొకతె కాదు. ఆమెవెంట పాత మందుచీటీలు లేవు. ఆమె భాష కన్నడమో మరాఠీయో. అట్టియామె చేయి పట్టి నాడి చూచునది నర్సు.

ఈ మేధ ఆసుపత్రులలోను ప్రవేశించుచున్నది. ఎక్స్‌రేలు చదువుచున్నది, ఏ రోగికి ప్రమాదము రానున్నదో ముందుగా హెచ్చరింప జూచుచున్నది. దీనినిగూర్చి నర్సులకేమి తెలియునని మాకు సందేహము కలిగి, మా వీధిలోనుండి తిరుపతిలోని యొక ఆసుపత్రికి పోయి పనిచేయు నర్సు నడిగితిమి.

"పేరు విన్నానక్కా. ఫోనులో వాడతా ఉండాను కూడా. రోగి దగ్గర అదేం చేస్తాదో మాకెవురూ చెప్పలేదు" అనెను. కొంతసేపూరకుండి, "అది తప్పు చెప్తే, చార్టులో సంతకం నాదే కదక్కా?" అని మమ్మే ప్రశ్నించెను.

ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. దొరికినంత చదివితిమి.

పిల్లలకు అక్షరములు దిద్దించినట్లే యంత్రమునకు వేలకొలది చిత్రములను చూపి, ఇది రోగము, ఇది కాదు అని నేర్పుదురు. మధుమేహముచేత కంటిపొర చెడుటను గుర్తించు యంత్రమునకు మదుర అరవిందు ఆసుపత్రి, చెన్నపట్టణపు శంకర నేత్రాలయము మొదలగు చోట్లనుండి తెచ్చిన చిత్రములతోను అమెరికా చిత్రములతోను చదువు చెప్పిరి. అది నేత్రవైద్యులకు దీటుగా చెప్పగలుగుచున్నదని 2016లో ప్రకటించిరి. పిమ్మట దానిని థాయిలాండు దేశపు చిన్న వైద్యశాలలకు తీసికొనిపోయిరి. అచట కంటి చిత్రము తీయువారు నర్సులు. గదులలో వెలుతురు సరిపడక, చిత్రములు మసకగా వచ్చి, నూటికి ఇరువదియొక్క చిత్రములను యంత్రము త్రోసివేసెను. త్రోసివేయబడిన రోగి మరియొకనాడు దూరపు ఆసుపత్రికి పోవలెను. ఆనాటి కూలి పోవును. ఇది నర్సులకు ముందే తెలిసినది. కొన్నిచోట్ల వారే రోగులతో, ఈ పరీక్షలో చేరవలదని చెప్పిరట! 2020లో వెలువడిన ఈ వృత్తాంతమును చదివినప్పుడు, యంత్రము చేసినవారు ముందుగా ఒక నర్సును పిలిచి ఆ గదినిగూర్చి అడిగియుండిన ఎంత శ్రమ తప్పెడిదో యనిపించినది.

కరోనా దినములలో మనమందరము వ్రేలికి తగిలించుకొన్న ఆక్సిజను కొలత పరికరము చూడుడు. 2020లోనే అమెరికాలో చేసిన పరిశీలనలో, నల్లజాతివారి రక్తమున ప్రాణవాయువు తగ్గినను ఆ పరికరము తగ్గలేదని చూపుట, తెల్లవారితో పోల్చగా దాదాపు మూడింతలుగా నున్నట్లు తేలినది. ఆ యంకెలనే నమ్మి లెక్కవేయు మేధ, దాని తప్పును కూడ నమ్మును. పెదవులు నల్లబడుట చూచు నర్సు నమ్మదు. మన మేనిచాయ యెట్టిదో మనకు తెలియును గదా!

2024 ఏప్రిలులో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున నర్సులు వీధిలో నిలిచి, పరీక్షింపని యంత్రములను రోగులపై ప్రయోగింపవలదని అరచిరి. వారిని యంత్రద్వేషులనుట తగదు. మా పొరుగునర్సు సయితము, "రాతపని అది చేసి పెడితే దండం పెడతాను" అనినది. రాత్రివేళ వార్డు నిండ రోగులుండగా కాగితములు నింపుటయే సగము పని.

చరకసంహిత చికిత్సకు నాలుగు పాదములు చెప్పినది: వైద్యుడు, ద్రవ్యము, పరిచారకుడు, రోగి. యంత్రమెంత తెలివిగలదైనను ద్రవ్యపాదముననే చేరునని మా తలంపు. పరిచారకునికి చెప్పిన నాలుగు గుణములలో రోగియం దనురాగమొకటి, శుచిత్వమొకటి, దక్షత యొకటి. అన్నిటికంటె ముందు చెప్పినది పరిచర్యను గూర్చిన జ్ఞానము. సేవ చేయువారికి చదువేల యను మాట మన యిండ్లలో నేటికిని వినబడుచున్నది. ఆ మాటను చరకుడంగీకరించినట్లు లేదు. తిరుపతిలో స్విమ్సు సంస్థకు నర్సింగు కళాశాల కలదు. అట్టి కళాశాలలన్నిటను, ఈ యంత్రము ఎవరి దేహములను చూచి నేర్చినది, ఎచట పొరబడును, నర్సు కాదనినచో ఆమె మాట ఎవరు విందురు అను మూడు సంగతులు పాఠముగా చెప్పవలెను. అమ్మవచ్చినవాడు అరగంటలో మీట నొక్కి చూపి పోయిన, అది పాఠము కానేరదు.

సంతకము మాట మాత్రము మేము తేల్చలేకపోతిమి. మీ ఆసుపత్రి పెద్దలనే అడుగుమని చెప్పితిమి.

"అడిగేదానికైనా కొంచెం తెలిసుండల్ల కదక్కా" అని, రాత్రి డ్యూటీకి వేళయైనదని చెప్పులు తొడుగుకొని వెడలిపోయెను.