లతీఫ్ సాబ్‌ను యాది చేసుకుందాం

హైదరాబాద్ షహర్‌ల పుట్టి, దేశదేశాలు తిరిగి, మళ్లీ హైదరాబాద్‌లోనే కన్నుమూసిన ఒక సిపాయి గురించి ఈ వారం రాస్తున్నాం. పేరు ఇద్రిస్ హసన్ లతీఫ్. 1923 జూన్ 9న పుట్టారు. 2018 ఏప్రిల్ 30న తొంభై నాలుగేళ్ల వయసులో పోయారు. ఈ నడుమ రెండో ప్రపంచ యుద్ధంలో విమానం నడిపారు. దేశ విభజన చూశారు. 1971 యుద్ధంలో వైమానిక దళం ప్రణాళికల బాధ్యత మోశారు. 1978 సెప్టెంబర్ నుంచి 1981 ఆగస్టు దాకా మొత్తం భారత వైమానిక దళానికే అధిపతిగా ఉన్నారు.

ఇంత బతుకు బతికిన మనిషి మన షహర్ బిడ్డ అని ఎంతమందికి సోయి ఉంది? ఏ కాలేజీ క్యాంటీన్‌లోనో, ఏ సర్కారు ఆఫీసులోనో అడిగి చూడండి. సినిమా హీరోల తాతముత్తాతల చరిత్ర గడగడా చెప్పేవాళ్లు కూడా లతీఫ్ పేరు దగ్గర ఆగిపోతారు. మన గురించి మనకు చెప్పని చదువులు చదివితే ఇట్లనే ఉంటుంది.

ముందుగా ఒక మాట చెప్పాలి. లతీఫ్ సాబ్ పేదింటి బిడ్డ కాదు. తండ్రి హసన్ లతీఫ్ హైదరాబాద్ రాజ్యంలో చీఫ్ ఇంజనీరు. కొడుకు చదివింది నిజాం కాలేజీలో. ఆ రోజుల్లో నల్లగొండలోనో వరంగల్‌లోనో వెట్టి చేసే ఇంటి పిల్లగానికి నిజాం కాలేజీ గేటు కూడా తెలియదు. ఈ తేడాను దాచిపెట్టి ఆయనను పొగడాల్సిన అవసరం మాకు లేదు. కానీ పై వర్గంలో పుట్టిన పిల్లలకు ఆ రోజుల్లో దివాణంలో కుర్సీ సిద్ధంగా ఉండేది. పద్దెనిమిదేళ్ల లతీఫ్ ఆ కుర్సీని కాదని 1942లో వైమానిక దళంలో చేరాడు.

చేరిన తొలినాళ్లలో కరాచీలో కొలువు. అరేబియా సముద్రం మీద శత్రువుల జలాంతర్గాములు తిరుగుతున్నాయేమో చూసి రావాలి. ఇచ్చిన విమానాలు వాపిటి, ఆడాక్స్, హార్ట్. గుడ్డ కప్పిన రెక్కలు, ఒకదాని మీద ఒకటి రెండు వరుసలు. అప్పటికే పాతబడిన సరుకు. కింద నీళ్లు తప్ప ఏమీ కనబడని చోట, ఇంజన్ ఆగితే దిక్కులేని చోట, వాటి మీద తిరిగాడు ఆ పిల్లగాడు. తర్వాత 1943-44లో ఇంగ్లండు పంపిన కొద్దిమంది భారతీయ పైలట్లలో ఆయన ఒకడు. అక్కడ హరికేన్, స్పిట్‌ఫైర్ నేర్చుకున్నాడు. 1944లో తిరిగొచ్చి బర్మా యుద్ధంలో హరికేన్ నడిపాడు.

బర్మా యుద్ధానికీ మన గడ్డకూ ఉన్న సంబంధం మనకు ఎవరూ చెప్పలేదు గనుక ఇక్కడ కొంచెం ఆగుదాం. బ్రిటిష్ వైమానిక దళంలో 152వ స్క్వాడ్రన్ పేరే హైదరాబాద్ స్క్వాడ్రన్. నిజాం ఇచ్చిన కానుక సొమ్ముకు గుర్తుగా ఆ పేరు పెట్టారు. దాని చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా. ఆ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు 1940లో ఇంగ్లండు ఆకాశంలో జర్మన్లతో కొట్లాడాయి, తర్వాత బర్మాకు వచ్చాయి. ఆ సొమ్ము ఎక్కడిది? తెలంగాణ, మరఠ్వాడా, కన్నడ జిల్లాల రైతు కట్టిన శిస్తు. లండన్ నెత్తిన ఎగిరిన విమానంలో మన రైతు చెమట ఉంది. కానుక ఇచ్చిన పేరు మాత్రం హుజూర్‌ది. ఇంకొకటి. హైదరాబాద్ స్టేట్ ఫోర్సెస్ పటాలం ఒకటి 1941 డిసెంబర్‌లో మలయాలోని కోటా బహ్రూ విమానాశ్రయానికి కాపలా ఉంది. జపాన్ సైన్యం మలయాలో మొదట దిగింది అక్కడే.

అదే యుద్ధంలో అవతలి పక్కన ఇంకో హైదరాబాదీ ఉన్నాడు. అబిద్ హసన్ సఫ్రానీ. నేతాజీ సుభాష్ చంద్రబోస్ వెంట 1943లో జలాంతర్గామిలో ప్రయాణం చేసినవాడు. జైహింద్ నినాదం ఆయన ఇచ్చిందే అంటారు. ఇంఫాల్ పోరులో ఆజాద్ హింద్ ఫౌజ్‌తో ఉన్నాడు. ఒక షహర్ బిడ్డలు ఇద్దరు ఒకే యుద్ధంలో ఎదురెదురు జెండాల కింద నిలబడ్డారు. స్వాతంత్ర్యం తర్వాత సఫ్రానీ విదేశాంగ శాఖలో చేరి రాయబారి అయ్యాడు, లతీఫ్ వైమానిక దళాధిపతి అయ్యాడు. ఇద్దరూ ఒకే రిపబ్లిక్‌కు కొలువు చేశారు. ఇద్దరిలో ఎవరు దేశభక్తుడు అని క్విజ్ పెట్టే తెలివిగలవాళ్లు ఉంటారు. పెట్టుకోనివ్వండి.

ఇక 1947. ఆర్మీ అయినా, ఎయిర్‌ఫోర్స్ అయినా ప్రతి ముస్లిం ఆఫీసర్ ముందూ ఒక కాయితం పెట్టారు. ఇండియానా, పాకిస్తానా తేల్చుకోమన్నారు. లతీఫ్ అంతకుముందు పనిచేసిన 9వ స్క్వాడ్రన్‌కు కమాండర్ అస్గర్ ఖాన్. ఆయనా, నూర్ ఖాన్ అనే ఇంకో సహచరుడూ పాకిస్తాన్ ఎంచుకున్నారు. తర్వాత ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు పాకిస్తాన్ వైమానిక దళాధిపతులయ్యారు. లతీఫ్‌కు ఇద్దరూ ఫోన్ చేశారు, రమ్మన్నారు. కొత్త దేశం, కొత్త దళం, త్వరగా పైకి పోయే దారి. మతమూ దేశమూ ఒకటి కావని ఆయన జవాబిచ్చారు. ఇక్కడే ఉండిపోయారు.

ఈ ముచ్చట చాలామంది రాశారు. కానీ ఇందులో హైదరాబాద్ మెలిక ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. 1947 ఆగస్టు 15 నాటికి ఆయన సొంత రాజ్యం భారతదేశంలో లేదు. తండ్రి ఉప్పు తిన్నది నిజాం సర్కారుది. ఢిల్లీతో నిజాం బేరాలు సాగుతున్నాయి. అంటే లతీఫ్ ఎంచుకున్నది కేవలం రెండు దేశాల నడుమ కాదు. పుట్టిన ఇల్లు ఎటు పోతుందో తేలకముందే ఆ ఇంటి బిడ్డ తన దారి తేల్చుకున్నాడు. హైదరాబాద్ భారత్‌లో కలిసింది పదమూడు నెలల తర్వాత, 1948 సెప్టెంబర్‌లో. ఆ కలయిక వెనుక రజాకార్ల ఘోరాలూ ఉన్నాయి, దాని తర్వాత ముస్లిం బస్తీల మీద పడిన కత్తులూ ఉన్నాయి. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయారని అంచనా వేసింది. ఆ నివేదికను ఏళ్ల తరబడి తొక్కిపెట్టారు. తన రాజ్యంలో తన మతం వాళ్ల మీద ఇంత జరిగిన కాలంలోనూ లతీఫ్ ఒంటిమీద ఉన్నది భారత వైమానిక దళం యూనిఫారమే.

అందుకే ఒక మాట మాకు మింగుడుపడదు. ఆయన గురించి రాసేవాళ్లు కొందరు మంచి మనసుతోనే “ముస్లిం అయినా దేశం కోసం నిలబడ్డాడు” అంటారు. ఆ “అయినా” ఎందుకు? అర్జన్ సింగ్ గురించి రాసేటప్పుడు, ప్రతాప్ చంద్ర లాల్ గురించి రాసేటప్పుడు ఆ మాట వస్తుందా? రాదు. ఒక మనిషి నలభై ఏళ్లు ఆకాశంలో ప్రాణం పెట్టి నిరూపించినా చివరికి పొగడ్తలోనూ అనుమానం మిగిలిపోతే, తప్పు ఆయనది కాదు.

1950లో దేశం రిపబ్లిక్ అయినప్పుడు ఢిల్లీ మీద తొలి విమానాల వందనానికి ముందు నడిచింది ఆయనే. 4వ స్క్వాడ్రన్ కమాండర్‌గా టెంపెస్ట్ విమానం నడుపుతూ తొలి రాష్ట్రపతికి సలాం చేశారు. సరిగ్గా ఆ జనవరి 26ననే మన దగ్గర నిజాం రాజప్రముఖ్ అయ్యాడు, వెల్లోడి ముఖ్యమంత్రి అయ్యాడు, బయటి నుంచి ఉద్యోగాలకు వచ్చేవాళ్ల మీద ముల్కీల గుసగుసలు మొదలైన కాలం అది. ఆ కథ మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కర లేదు.

1971లో ఆయన ఢిల్లీలో ప్రణాళికల విభాగం చూసే అసిస్టెంట్ చీఫ్. యుద్ధం అంటే ముందు వరుసలో తుపాకీ పట్టినవాడే కాదు, ఏ విమానం ఎక్కడ ఉండాలి, ఏ సరుకు ఎప్పుడు అందాలి అని రాత్రంతా లెక్కలేసినవాడు కూడా. ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిన నాటికి ఆయన షిల్లాంగ్‌లో, తూర్పు రంగంలోనే ఉన్నారు. అధిపతి అయ్యాక ఏళ్ల తరబడి ఫైళ్లలో నానిన జాగ్వార్ విమానాల కొనుగోలును తేల్చారు. 1979లో అవి అంబాలాకు చేరాయి. రష్యా వాళ్లతో మాట్లాడి మిగ్-23, మిగ్-25 తెప్పించారు. రిటైర్ అయ్యే ముందు తానే మిగ్-25లో ఎగిరారు. ధ్వని కంటే రెండున్నర రెట్లకు మించిన వేగంతో పోయే విమానం అది. గుడ్డ రెక్కల వాపిటి మీద మొదలైన కొలువు ఇక్కడ ముగిసింది. యాభై ఎనిమిదేళ్ల అధికారి కుర్సీలో కూర్చొని సంతకాలు పెట్టి ఇంటికి పోవచ్చు. ఆయన పోలేదు. ఈ ఒక్క ముచ్చట చాలు, మనిషి ఎట్లాంటివాడో తెలియడానికి.

ఇల్లు సంగతి రాయకపోతే లతీఫ్ సాబ్ సగమే కనబడతారు. 1951లో బిల్కీస్ బేగంను పెళ్లి చేసుకున్నారు. ఆమె నవాబ్ అలీ యావర్ జంగ్ బిడ్డ. తల్లి ఫ్రెంచి దేశస్తురాలు. ఉస్మానియా విద్యార్థులు అలీ యావర్ జంగ్ పేరు మరవకూడదు. పోలీసు చర్య తర్వాత ఆ కష్టకాలంలో యూనివర్సిటీకి వైస్ చాన్సలర్‌గా ఉన్నారాయన. తర్వాత రాయబారి, మహారాష్ట్ర గవర్నర్. చిత్రం ఏమిటంటే అల్లుడూ అదే దారిలో నడిచారు. 1982 నుంచి 1985 దాకా మహారాష్ట్ర గవర్నర్, ఆ తర్వాత 1988 దాకా ఫ్రాన్స్‌లో రాయబారి. మామ ఉన్న రాజభవన్‌లోనే అల్లుడు, తాను పుట్టిన ఇంటి పెద్దరికం ఉన్న చోటనే బిడ్డ.

మిలిటరీ కొలువు చేసేవాళ్ల ఇంట్లో ఏం జరుగుతుందో ఉద్యోగులైన మన పాఠకులకు కొంత తెలుసు. బదిలీ కాయితం వస్తే సామాన్లు కట్టాలి, పిల్లల బడి మార్చాలి, ఫోన్ మోగితే గుండె ఆగాలి. బిల్కీస్ బేగం ఆ బతుకు బతికారు. కానీ ఆఫీసర్ భార్యగా పార్టీల్లో తిరిగి ఊరుకోలేదు. భర్త గవర్నర్ అయినప్పుడు ముంబైలోని ధారావి మురికివాడకు వెళ్లారు, అక్కడి ఆడవాళ్లతో, పిల్లలతో పని చేశారు. ఆ సేవకు 2009లో పద్మశ్రీ వచ్చింది. తల్లి కథను పుస్తకంగా రాశారు. మన ఆంధ్ర, హైదరాబాదీ వంటల మీద ఇంకో పుస్తకం రాశారు. 2010లో భర్త జీవితచరిత్ర కూడా ఆమే రాశారు. పెద్ద మనుషుల జీవితచరిత్రలు వాళ్ల కింద పనిచేసినవాళ్లో, కిరాయికి రాసేవాళ్లో రాయడం మనకు అలవాటు. ఆరు దశాబ్దాలు ఒకే చూరు కింద ఉన్న మనిషి, అన్నం పెట్టి, కోపం చూసి, జ్వరం చూసి, తర్వాత కూడా ఆయన గురించి పుస్తకం రాయాలనుకున్నదంటే ఆ కాపురం విలువ వేరే చెప్పాలా!

ఢిల్లీలోనో ముంబైలోనో ఉండిపోవచ్చు. 1988లో ఇద్దరూ హైదరాబాద్‌కే వచ్చారు. చివరి ముప్పై ఏళ్లు ఇక్కడే గడిపారు. 2017 అక్టోబర్‌లో బిల్కీస్ బేగం పోయారు. ఆరు నెలలకు ఆయన పోయారు. పెళ్లయి అరవై ఆరేళ్లు.

సెప్టెంబర్ 17 వస్తే మన దగ్గర ఏటా ఒక రభస. విమోచనమా, విలీనమా, విద్రోహమా అని గొంతులు చించుకుంటారు. ఆ గొడవలో హైదరాబాదీ ముస్లిం అంటే ఒక్క కాసిం రజ్వీ బొమ్మే చూపిస్తారు కొందరు. రజాకార్ల మీద రాసినందుకు 1948 ఆగస్టులో ప్రాణం పోగొట్టుకున్న ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ బొమ్మ చూపించరు. రైతాంగ పోరాటంలో నిలబడిన మఖ్దూం బొమ్మ చూపించరు. లతీఫ్ బొమ్మ అసలే చూపించరు. రజ్వీ 1957లో జైలు నుంచి విడుదలై పాకిస్తాన్ పోయాడు. వీళ్లు పోలేదు. పోయినవాడి పాపం ఉన్నవాళ్ల నెత్తిన రుద్దుతారు. ఓట్ల కోసం రుద్దే వాళ్ల సంగతి అటుంచితే, తెలంగాణ కోసం జెండా పట్టిన మనం ఆ మాటలు విని ఊరుకోవడం ఏ లెక్క? దస్తీ పరిచి అన్నం పంచుకున్న పీర్ల పండుగలు, బోనాలు మన ఊళ్లలో ఎవరో వచ్చి నేర్పినవి కావు.

షహర్ అంచున దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ఉంది. 1967లో దానికి పునాదిరాయి వేసింది హైదరాబాద్‌లోనే పుట్టిన రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్. అక్కడ శిక్షణ తీసుకునే పిల్లలు మన నెత్తిమీదుగానే ఎగురుతుంటారు. అటు పోయే బస్సుల్లో మన విద్యార్థులు రోజూ తిరుగుతుంటారు. వాళ్ల చేతికి లతీఫ్ సాబ్ జీవితచరిత్ర అందాలి, అదీ తెలుగులో, ఉర్దూలో. యూనివర్సిటీలు, అకాడమీలు ఆ పని నెత్తికెత్తుకోవాలి. పాఠ్యపుస్తకంలో ఒక పాఠం పెట్టాలి. సర్కారు ఉద్యోగుల్లో ఈ పని చేయగల స్థానాల్లో ఉన్నవాళ్లు మన పాఠకుల్లోనే ఉన్నారు.

ఇంకో పని మనందరిదీ. రెండో ప్రపంచ యుద్ధానికి పోయొచ్చిన తాతలు, 1962లో, 1965లో, 1971లో పనిచేసిన జవాన్లు మన ఊళ్లలో ఉన్నారు, ఉండి పోయారు. వాళ్లెవరూ ఎయిర్ చీఫ్ మార్షల్ కాలేదు. పింఛన్ ఆఫీసు ముందు నిలబడి, పొలం చేసుకొని, బిడ్డల పెళ్లిళ్లు చేసి పోయారు. ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున మెడల్ గానీ, డిశ్చార్జి కాయితం గానీ, యూనిఫారంలో దిగిన ఫోటో గానీ ఉంటే బయటికి తీయండి. పేరు, ఊరు, పటాలం, ఏ యుద్ధం, ఇంట్లోవాళ్లు యాది చేసుకునే ముచ్చట్లు రెండు పేజీలకు మించకుండా రాసి మాకు పంపండి. వారానికి ఒకటి చొప్పున అచ్చు వేస్తాం.