వేగం వేరు, మన్నిక వేరు

మెమరీ కార్డు గానీ పెన్‌డ్రైవ్ గానీ కొనేటప్పుడు మనం ఎన్ని జీబీలో, ధర ఎంతో చూస్తాం. మహా అయితే ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో ముద్రించిన వేగాన్ని చూస్తాం. చాలా సందర్భాల్లో ఆ అంకె చదివే వేగానిది. అదీ గరిష్ఠ పరిమితి మాత్రమే. వీడియో తీసేటప్పుడు అక్కరకు వచ్చేది రాసే వేగం. దాని గుర్తులు కార్డు మీదే చిన్నగా ఉంటాయి. ‘సి’ అక్షరంలో 10 ఉంటే సెకనుకు కనీసం 10 మెగాబైట్లు, ‘యు’ అక్షరంలో 3 గానీ, వి30 అని గానీ ఉంటే కనీసం 30 మెగాబైట్లు ఎడతెగకుండా రాయగలదని అర్థం. నికాహ్ వేడుకను 4కె వీడియోగా తీయదలచినవారు వి30కి తగ్గని కార్డు తీసుకోవడం మంచిది. యూఎస్‌బీ 3.0 పెన్‌డ్రైవ్‌ను పాత 2.0 పోర్టుకు తగిలిస్తే మాత్రం పాత వేగమే లభిస్తుంది.

ఇక మన్నిక సంగతి. ఫ్లాష్ మెమరీలో సమాచారం సూక్ష్మమైన గదులలో విద్యుదావేశంగా నిలుస్తుంది. చెరిపి రాసిన ప్రతిసారీ ఆ గది కొంత అరుగుతుంది. గదికి ఒక్క బిట్ దాచే ఎస్‌ఎల్‌సీ రకం సుమారు లక్షసార్లు తట్టుకుంటుంది. మూడు బిట్లు దాచే టీఎల్‌సీ కొన్ని వేలసార్లకు, నాలుగు బిట్లు దాచే క్యూఎల్‌సీ అంతకన్నా ముందే అలసిపోతాయి. చవక కార్డుల ప్యాకెట్ మీద ఈ వివరం సాధారణంగా కనిపించదు. ఎస్‌ఎస్‌డీలకైతే ఎన్ని టెరాబైట్ల వరకు రాయవచ్చో తయారీదారులు తెలుపుతారు. రేయింబవళ్లు రాస్తూనే ఉండే సీసీ కెమెరాకు ‘హై ఎండ్యూరెన్స్’ కార్డే తగినది.

రాయకుండా బీరువాలో దాచినా పూర్తి భద్రత లేదు. విద్యుత్తు అందని గదులలోని ఆవేశం ఏళ్లు గడిచేకొద్దీ నెమ్మదిగా జారిపోతుంది. వేడి ఆ జారుడును త్వరపరుస్తుంది. పైగా నకిలీ కార్డులు లేని సామర్థ్యాన్ని ఉన్నట్లు చూపుతాయి. కాబట్టి కొత్త కార్డును ఒకసారి పూర్తిగా నింపి, ఫైళ్లన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూసిన తరువాతే నమ్మాలి.

వేగం తక్కువైతే కాసేపు వేచి ఉంటాం. ఉన్న ఒక్క ప్రతీ పోతే దాదీ గొంతును మళ్లీ రికార్డు చేయలేం. హజ్ ఫోటోలు, ఆస్తి పత్రాల ప్రతులు, పిల్లల సర్టిఫికెట్లు కనీసం రెండు వేర్వేరు సాధనాలలో ఉంచుదాం. వాటిలో ఒకటి హార్డ్‌డిస్కు అయితే మేలు. మరొక ప్రతిని నమ్మకమైన బంధువుల ఇంట భద్రపరుద్దాం. ఏడాదికొకసారి అన్నిటినీ తెరిచి చూసుకుందాం.