శ్రీమతి లీలా సేఠ్ గారు

మా పత్రిక చదువు సోదరీమణులలో న్యాయస్థానపు గడప త్రొక్కినవారు కొలదిమందియే యుందురు. అయినను పుట్టినింటి ఆస్తిలో ఆడుబిడ్డకు భాగమున్నదా లేదా యను మాట పుట్టని యిల్లు తెలుగునాట అరుదు. ఆ భాగము దేశమంతటను చట్టమున కెక్కుటకు పాటుపడిన న్యాయవాది, న్యాయమూర్తి, ముగ్గురు బిడ్డల తల్లి యగు శ్రీమతి లీలా సేఠ్ గారిని ఈ మాసమున స్మరింపదలచితిమి.

ఈమె 1930 అక్టోబరు 20 వ తేదీన లక్నో నగరమున జన్మించిరి. పదునొకండవ యేట తండ్రి గతించెను. చేతిలో ధనము లేకున్నను తల్లి యీమె చదువు మాన్పింపలేదు. పిదప ఈమె కలకత్తాలో శీఘ్రలేఖకురాలుగా ఉద్యోగము చేసి, శ్రీ ప్రేమ్ సేఠ్ గారిని వివాహమాడి, ఆయన ఉద్యోగరీత్యా లండనునకు బోగా తామును వెంట వెళ్ళిరి.

అచ్చట న్యాయశాస్త్రమునే ఏల యెంచుకొనిరనగా, నిత్యము తరగతులకు హాజరు కావలెనను నిర్బంధము ఆ చదువునకు తక్కువయట! చిన్నపిల్లవాని తల్లి కది యనుకూలము. ఇట్టి యింటిలెక్కతో మొదలిడిన చదువులో ఆమె 1958 లో బారిష్టరు పరీక్షయందు ప్రథమస్థానము పొందిరి. అంతకుముందు ఏ స్త్రీయు ఆ స్థానము నందుకొనలేదు. పరీక్షకు కొలది మాసముల ముందే మఱియొక కుమారుడు కలిగెను. ఒక లండను పత్రిక ఆ పసివానితో ఆమె ఛాయాచిత్రమును ప్రకటించి, క్రింద "మదర్-ఇన్-లా" అని వ్రాసెను. ఆ మాటకు ఆంగ్లమున అత్తగారని యర్థము. విడదీసి చదివినచో న్యాయశాస్త్రములోని తల్లి యగును. ఈ చమత్కారము మాకు నచ్చినది.

స్వదేశమునకు వచ్చి కలకత్తాలో ఒక పెద్ద న్యాయవాదియొద్ద పని నేర్చుకొనబోగా, ఆయన పోయి పెండ్లి చేసికొమ్మనెను. అయినదనిరి. బిడ్డను కనుమనెను. ఉన్నాడనిరి. ఒంటిబిడ్డ తగదు, ఇంకొకనిని కనుమనెను. ఇద్దరున్నారనిరి. ఇక చెప్పుటకేమియు తోచక ఆయన చేర్చుకొనెను! ఆమె తరువాత పాట్నాలో పదియేండ్లు వాదించి, ఢిల్లీ చేరి, 1978 లో ఆ హైకోర్టునకు తొలి మహిళా న్యాయమూర్తియు, 1991 లో హిమాచల ప్రదేశ హైకోర్టునకు ప్రధాన న్యాయమూర్తియు నైరి. మన దేశమున హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి యైన మొదటి స్త్రీ ఈమెయే.

ఇక ఆస్తి మాట. మితాక్షర ధర్మమునుబట్టి ఉమ్మడి ఆస్తిలో మగబిడ్డకు పుట్టుకతోనే హక్కు, ఆడుబిడ్డకు లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము తండ్రి వంతులో మాత్రము కుమార్తెకు పాలు కల్పించెను. తల్లి లేని యొక యింట తండ్రి, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె, 9 ఎకరముల ఉమ్మడి భూమి యున్నవనుకొందము. తండ్రికి 3, కుమారులకు తలకు 3 ఎకరములు. తండ్రి పోయినపిమ్మట ఆయన మూడెకరములు ముగ్గురికిని పంచగా, కుమారులకు తలకు 4, కుమార్తెకు 1. పసుపుకుంకుమల క్రింద ఇచ్చితిమి గదా యని అన్నదమ్ములందురు. ఆ యిచ్చినది ఎంతయో, ఎవరి పేర నున్నదో అడుగువారుండరు.

కుమార్తెకును పుట్టుకతోనే సమానహక్కు నిచ్చిన తొలి రాష్ట్రము మన ఆంధ్రప్రదేశమే. శ్రీ నందమూరి తారకరామారావు గారి ప్రభుత్వమున చేసిన ఆ చట్టము 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించెను. అయితే అప్పటికే పెండ్లియైన కుమార్తెలకు వర్తింపలేదు. 1997 మొదలు 2000 వఱకు లీలా సేఠ్ గారు కేంద్ర న్యాయసంఘమున సభ్యురాలుగా నుండిరి. అధ్యక్షులు మన తెలుగువారగు జస్టిస్ బి. పి. జీవన్ రెడ్డి గారు. ఆంధ్రాది రాష్ట్రముల చట్టములను పరిశీలించి, కుమార్తెలకును ఉమ్మడి ఆస్తిలో జన్మహక్కు నీయవలెనని ఆ సంఘము 2000 లో నివేదించెను. 2005 సెప్టెంబరు 9 నుండి అది దేశమంతటికిని చట్టమయ్యెను. అందు పెండ్లియైనది, కానిది యను భేదము లేదు. పై లెక్కలో కుమార్తెకు ఇప్పుడు 3 ఎకరములు.

ఆమె ధైర్యమునకు వేఱొక నిదర్శనము కలదు. పెద్దకుమారుడు, ప్రసిద్ధ నవలాకారుడగు విక్రమ్ సేఠ్, పురుషులను ప్రేమించు స్వభావము గలవాడు. అట్టివారిని నేరస్థులుగా నెంచు చట్టము చెల్లునని 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, ఎనుబదిమూడేండ్ల యా తల్లి మౌనము వహింపలేదు. 2014 జనవరిలో ఒక ఆంగ్ల దినపత్రికలో, న్యాయమూర్తిగను తల్లిగను ఆ తీర్పు తప్పని వ్రాసిరి. కుమారుని సంగతి తెలిసిన తొలిదినములలో తాము కలత చెందిన మాటను దాచలేదు. లోకమేమనునో యని బిడ్డల గూర్చి నోరు మూసికొనుట మన యిండ్లలో ఎంత సాధారణమో మా పాఠకురాండ్రకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

2017 మే 5 న ఆమె పరమపదించిరి. ఆమె కోరిక ప్రకారము అంత్యక్రియలు జరుపక, నేత్రములను దానము చేసిరి. 2018 సెప్టెంబరు 6 న సుప్రీంకోర్టు తన పాత తీర్పును త్రోసిపుచ్చెను. అప్పటికి ఆమె పోయి పదునాఱు మాసములయ్యెను.